కాశీబుగ్గ ఫ్లెక్స్ షాపులో మా హాన్స్ దీవి

కాశీబుగ్గ బస్టాండు దాటాక మెయిన్ రోడ్డు మీదే, మెట్లెక్కి వెళ్లాల్సిన ఫ్లెక్స్ షాపు ఒకటుంది. పుట్టినరోజులు, పెద్దకర్మలు, నాయకుల స్వాగతాలు... ఎప్పుడూ ఆ పనుల్లోనే ఉంటారు. నేను ఉద్దానంలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఎనిమిదో తరగతి గోడకి 6 బై 4 అడుగుల ఫ్లెక్స్ వేయిద్దామని వెళ్లాను. దాని మీద ఉండాల్సింది హాన్స్ దీవి. కెనడాలోని ఎల్స్‌మియర్ దీవికీ డెన్మార్క్ రాజ్యంలో భాగమైన గ్రీన్‌లాండ్‌కీ మధ్య, నేర్స్ జలసంధిలో, ఉత్తర ధ్రువానికి సుమారు 1,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న బండ అది. మనుషులెవరూ ఉండరు.

డిజైన్ చేసే అబ్బాయిది కవిటి వైపు. మేటర్, ఫోటోలు వాట్సాప్‌లో పంపితే సాయంత్రానికి ప్రూఫ్ వచ్చింది. రెండు మూలల్లో రెండు కొబ్బరిచెట్లు! మన తీరంలో పుట్టినవాడికి దీవి అంటే అదే కదా తోస్తుంది. మర్నాడు నేనే వెళ్లి కూర్చున్నాను. "ఒక్క సెట్టు కూడా నేదా మేడమ్?" అన్నాడు. లేదని చెప్పాను. చెట్లు తీసేసి ఊరుకుంటాడనుకున్నాను. అలా కాదు, ప్రశ్నలు మొదలుపెట్టాడు. మరి అక్కడ సముద్రం ఏ రంగులో ఉంటుంది? ఎండ ఎలా పడుతుంది?

ఏడాదిలో చాలా నెలలు చుట్టూ సముద్రం గడ్డకట్టే ఉంటుందనీ, వేసవిలో ఆర్కిటిక్ మహాసముద్రం నుంచి మంచు పలకలు ఆ ఇరుకు దారిగుండా దక్షిణానికి కొట్టుకొస్తాయనీ చెప్పాను. వేసవిలో నాలుగు నెలలకు పైగా సూర్యుడు అస్తమించడు, చలికాలంలో దాదాపు నాలుగు నెలలు ఉదయించడు. అది విని అతనే ఐడియా ఇచ్చాడు: ఒకే దీవి, ఎడమ సగం తెగని పగలు, కుడి సగం తెగని రాత్రి. నేను ఇచ్చిన కాగితంలో ఈ ఆలోచనే లేదు.

తర్వాత అక్షరాల గొడవ. నేను పంపింది యూనికోడ్, అంటే ఫోన్లలో టైప్ చేసే తెలుగు. వాళ్ల పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో పేస్ట్ చేయగానే వత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. 'డెన్మార్క్'లో క వత్తు లేదు, 'ఎల్స్‌మియర్' చదవడానికే లేదు. వత్తులు పోయిన ఫ్లెక్సులు రోడ్ల మీద ఎన్ని వేలాడుతున్నా ఎవరికీ పట్టదు. నేను మాత్రం పిల్లల ముందు అలాంటిది పెట్టలేను. అతను ప్రింటింగ్ షాపుల్లో వాడే 'అను' ఫాంట్‌లో మొత్తం మళ్లీ టైప్ చేశాడు. దానికి అదనంగా పైసా తీసుకోలేదు.

గ్రీన్‌లాండ్ మూలవాసులైన ఇన్యూట్‌లు ఈ దీవిని టార్టుపాలుక్ అంటారు. కిడ్నీ ఆకారంలో ఉంటుందని ఆ పేరు. ఈ వాక్యం టైప్ చేస్తూ అబ్బాయి ఆగిపోయాడు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఆ మాట ఎంత బరువో మాకు తెలుసు. వాళ్ల నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్ అట. నా క్లాసులోనూ అలాంటి ఇళ్ల పిల్లలున్నారు. "సిక్కుడు గింజ అని రాసేద్దామా మేడమ్?" అని మెల్లగా అడిగాడు. ఒక జాతి పెట్టుకున్న పేరుకి అర్థం మార్చి రాయడానికి నాకు మనసు ఒప్పలేదు. కాసేపు ఇద్దరం స్క్రీన్ చూస్తూ కూర్చున్నాం. ఆఖరికి వాక్యం అలాగే ఉంచి, దీవి పక్కన అంతే సైజులో ఎర్రటి చిక్కుడు గింజ బొమ్మ వేశాడు. ఫ్లెక్స్ కట్టిన రోజు పిల్లల చూపు ముందు ఆ గింజ మీదే పడింది.

1973లో కెనడా, డెన్మార్క్ సముద్రపు సరిహద్దు గీసుకున్నప్పుడు దీవి ఒడ్డు దగ్గర గీత ఆపి, అవతలి ఒడ్డు నుంచి మళ్లీ మొదలుపెట్టారు. దీవి ఎవరిదో తేల్చలేదు. 1984 నుంచి రెండు దేశాల వాళ్లూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి జెండా పాతి, మద్యం సీసా పెట్టి వెళ్లేవారు. (సీసా సంగతి ఫ్లెక్స్‌లో రాయించలేదు.) 2022 జూన్ 14న దీవిని సగానికి అటూఇటూగా పంచుకుంటూ ఒప్పందం చేసుకున్నారు. దీవి మీద సహజంగా ఉన్న ఒక చీలికే ఇప్పుడు సరిహద్దు. ఫోటో పెద్దది చేస్తే ఆ చీలిక మసకైపోయింది. అతను మౌస్‌తో, ఉత్తరం నుంచి దక్షిణానికి వంపు వంపుగా గీశాడు. గీతకి రెండు వైపులా రాతి నీడ కూడా వేశాడు. పిల్లలు ఇప్పుడు వేలు పెట్టి చూపించేది ఆ గీతనే. దీవి విస్తీర్ణం 1.3 చదరపు కిలోమీటర్లంటే వాళ్లకి పట్టలేదు. 320 ఎకరాలు అనగానే జీడితోటల లెక్కలోకి దిగిపోయారు.

లోపాలూ ఉన్నాయి. మెరిసే ఫ్లెక్స్ వేశారు. మధ్యాహ్నం కిటికీ వెలుతురు పడితే వెనక బెంచీ వాళ్లకి పగటి సగం తెల్లగా కొట్టేస్తుంది. మెరుపు లేని రకం ఉందని నాకెవరూ చెప్పలేదు, మీరు ముందే అడగండి. ఇస్తామన్న రోజుకి ఇవ్వలేదు, రెండు రోజులు తిప్పారు. ఐలెట్లు (తాడు దూర్చే రింగులు) మాత్రం గట్టిగా కొట్టారు, అంచు మడత కూడా బాగుంది. డిజైన్‌తో కలిపి 510 రూపాయలైంది. నేనైతే ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

పెళ్లిళ్ల రోజుల్లో వెళ్లకండి, కూర్చోబెట్టి మాట్లాడే తీరిక ఉండదు. ఉదయం పదకొండు లోపు వెళితే ఆ అబ్బాయి ఉంటాడు. ప్రూఫ్ ఫోన్‌లో చూసి ఓకే అనకండి, పక్కన కూర్చుని ప్రతి వత్తూ చూసుకోండి.