ఎపాక్సీ ప్రైమర్‌తో మూడేళ్లు: హాయిగానే ఉంది, ఆ ఒక్క యాక్సిల్ తప్ప

పాత ట్రాక్టరు విప్పి ఒక్కో భాగానికి రంగు వేసుకోవడం నాకు ఆదివారాల పని. ఈ వారం మడ్‌గార్డు గీకి తెల్లగా తేల్చానంటే దాని మీద అసలు రంగు పడేది వచ్చే నెలో ఆ పై నెలో నాకే తెలియదు. అలాంటివాడికి ఉత్త ఇనుమును మించిన టెన్షన్ లేదు. పొద్దున గ్రైండర్‌తో మెరిసేలా చేసిన రేకు, ముసురు పట్టిన రోజయితే సాయంత్రానికే పసుపు తిరిగిపోతుంది. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్, అంటే పైరంగుకి ముందు ఇనుము మీద వేసే అడుగు పూత, దాని మీద నాకున్న ప్రేమంతా ఇందుకే. అది పడ్డాక ఆ భాగాన్ని గోడకి ఆనించి మర్చిపోవచ్చు.

అంతకుముందు రెడ్ ఆక్సైడ్ కొట్టేవాణ్ణి. దాన్ని తిట్టను, వెంటనే పైరంగు వేసేస్తే దాని పని అది చేస్తుంది. కానీ నేను వాడే మామూలు రకం ఒంటరిగా వదిలేస్తే తేమను లోపలికి రానిస్తుంది. పైగా దాని రంగే తుప్పు రంగు కాబట్టి అడుగున ఏం జరుగుతోందో కనపడదు. ఒకసారి బానెట్ పక్క రేకుని రెండు నెలల తర్వాత గోరుతో గీకితే ప్రైమరూ తుప్పూ కలిసి పొడిగా రాలాయి. మళ్లీ మొదటికొచ్చాను.

ఎపాక్సీకి మారాక టూల్‌బాక్స్ మూత ఒకటి ప్రైమర్ కొట్టి షెడ్డు వెనక పెట్టి నిజంగానే మర్చిపోయాను. పద్నాలుగు నెలలు ఎండలో, వానలో పడి ఉంది. దొరికినప్పుడు చూస్తే నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. ఏదో తగిలి ఒక గీత పడింది, ఆ గీత వరకే తుప్పు, పక్కన బ్లేడుతో లేపి చూస్తే కిందికి ఒక్క మిల్లీమీటరు కూడా పాకలేదు. ఆ రోజు నుంచి కనపడ్డవాడికల్లా ఇదే వాడమని చెప్పడం మొదలుపెట్టాను.

ఆ నోటితోనే ఇప్పుడు యాక్సిల్ సంగతి చెప్పాలి.

ముందు యాక్సిల్ మీద తుప్పు గుంటలు గుంటలుగా తిని ఉంది. వైర్ బ్రష్ ఆ గుంటల అడుక్కి పోదు కదా, అందుకని తుప్పు మార్చే ద్రావణం పూశాను, అంటే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రకం. తుప్పు నల్లబడింది, ఇనుము మీద లేత బూడిద రంగు పొర ఏర్పడింది. ఆ పొర కూడా రక్షణేగా, ఉంటే మంచిదేగా అనుకుని కడగకుండానే ఆరనిచ్చి దాని మీదే ప్రైమర్, పైన రంగు. చూడటానికి అద్దంలా వచ్చింది. నాలుగు నెలల తర్వాత జాకీ పెట్టిన చోట చిన్న పెచ్చు లేచింది. సరే చిన్నదే కదా అని దాని అంచు పట్టుకుని లాగితే అరచేతి అంత ముక్క, ప్రైమరూ రంగూ కలిసి, అరిటాకు చీరినట్టు వచ్చేసింది. కింద ఇనుము మీద వేలు పెడితే తెల్లటి పొడి అంటింది. ఎండిపోయిన యాసిడ్ మిగులు అది. ఎపాక్సీ పట్టుకుంది ఆ పొడినే కానీ ఇనుముని కాదు.

మొత్తం గీకడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఈసారి అదే ద్రావణంతో మళ్లీ తడిపి, అది ఆరకముందే రుద్ది, నీళ్లతో బాగా కడిగి, వెంటనే వేడిగాలి పెట్టాను. అయినా అక్కడక్కడా లేత పసుపు తుప్పు తేలింది, దాన్ని 80 నంబరు ఎమరీతో తీసేశాను. తర్వాత గ్రీజు తీసే సాల్వెంట్‌తో తుడిచాను, ఒక గుడ్డతో పూసి రెండో పొడి గుడ్డతో ఎత్తేయాలి, ఒకే గుడ్డతో రుద్దితే జిడ్డుని ఈ మూల నుంచి ఆ మూలకి తోసినట్టే. ఆ తర్వాత చేతులకి గ్లౌజులు. రెండేళ్లయింది, ఇప్పటివరకు లేవలేదు. ఇందులో ప్రైమర్ తప్పేమీ లేదు, డబ్బా మీది కాగితంలో యాసిడ్ మిగలకూడదని రాసే ఉంది, నేను చదివింది పెచ్చు లేచాక.

గేర్‌బాక్స్ హౌసింగ్ ఇంకోరకం. పోత ఇనుము ఏళ్ల తరబడి నూనె తాగి ఉంటుంది, పైన ఎంత తుడిచినా కాస్త వేడి తగలగానే చెమటలా బయటికొస్తుంది. వేడి చేయడం, చల్లారాక తుడవడం, మళ్లీ వేడి చేయడం, గుడ్డకి మరక అంటనంత వరకు ఇదే. సాల్వెంట్ తడి పూర్తిగా ఆరకుండా వేడి పెట్టకండి, అంటుకుంటుంది. చక్రాల హబ్‌లో డిస్క్ ఆనే ముఖానికి, నట్లు కూర్చునే చోటికి మాత్రం ప్రైమర్ తగలనివ్వను, టేపు వేస్తాను. అక్కడ మందంగా పూత ఉంటే అది నలిగి నట్లు వదులవుతాయి.

మర్చిపోవచ్చు అన్నాను కదా, అది కూడా పూర్తిగా నిజం కాదు. తుప్పు పట్టదు, అంతే. నేను వాడేదాని మీద వారంలోపు పైరంగు వేస్తే నేరుగా పట్టుకుంటుంది, దాటితే మొత్తం గరుకు చేసి మళ్లీ ఒక పల్చటి కోటు కొట్టాల్సిందే. ఆ గడువు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. ఆ టూల్‌బాక్స్ మూత కూడా ఎండ తగిలిన వైపు రుద్దితే సుద్దలా చేతికంటింది, ఎపాక్సీకి ఎండ పడదు. చలి రోజుల్లో అయితే రెండు రోజులైనా బొటనవేలి ముద్ర పడుతూనే ఉంది. కలిపిన ప్రైమర్ మిగిలితే గట్టిపడిపోతుంది, పారేయాల్సిందే, స్ప్రే గన్ వెంటనే కడగకపోతే అది కూడా దాని వెంటే పోతుంది. ఆవిరి ఆపే ఫిల్టర్ ఉన్న మాస్క్ కావాలి, దుమ్ము మాస్క్ సరిపోదు.

ట్రాక్టరంతా ఒకేసారి విప్పి రెండు రోజుల్లో రంగు ముగించగలిగేవాళ్లకి ఇంత తతంగం అక్కర్లేదేమో, మంచి రెడ్ ఆక్సైడ్‌తోనే గట్టెక్కవచ్చు. నాలా ఆదివారాలు తప్ప దొరకనివాడికి, తల దాచుకోను షెడ్డు ఉన్నవాడికి మాత్రం నేను ఇదే చెబుతాను. ఎడమ మడ్‌గార్డు ఇంకా బూడిద రంగు ప్రైమర్‌తోనే గోడకి ఆనుకుని ఉంది, ఐదు నెలలైంది. గరుకు చేయాలి, ఈ ఆదివారం కుదిరితే.