కోకాపేటలో ఫ్లాట్ల అమ్మకాల కార్యాలయం: సొంతింటి కోసం వెళ్లిన మా అనుభవం

హైదరాబాద్ శివారు కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్ సమీపంలో ఒక సంస్థ కడుతున్న ఆకాశహర్మ్యాల సముదాయంలో మూడు పడకగదుల ఫ్లాటు కొందామని నేనూ, మా నాన్నగారూ వారి అమ్మకాల కార్యాలయానికి రెండుసార్లు వెళ్లాము. లోపలికి వెళ్లగానే నింపమని ఇచ్చిన కాగితంలో పేరు, ఫోను నంబరు తరువాత ఉన్న ప్రశ్న ‘సొంతానికా, పెట్టుబడికా’ అని. సొంతానికే అని రాశాము. అయినా ఆ తరువాత రెండు గంటలపాటు వాళ్లు చెప్పినదంతా ధర ఎంత పెరుగుతుంది, అద్దె ఎంత వస్తుంది, ఎప్పుడు అమ్ముకోవచ్చు అన్న విషయాలే.

సిబ్బంది మర్యాదలో లోపమేమీ లేదు. అడిగిన వెంటనే నిర్మాణ అనుమతుల ప్రతులు చూపారు, నమూనా ఫ్లాటులో టేపు పెట్టి కొలుచుకోనిచ్చారు. కొలిస్తేనే తెలిసింది, 2,000 చదరపు అడుగులని చెప్పిన ఫ్లాటులో కార్పెట్ ఏరియా, అంటే గోడల మధ్య మనం వాడుకునే చోటు, 1,350కి మించదు. వంటింటి పక్కన గిన్నెలు తోముకునే చోటులో వాషింగ్ మెషీన్ పెడితే మనిషి నిలబడే వీలు లేదని నాన్నగారు అక్కడే నిలబడి చూపించారు. దానికి వాళ్ల దగ్గర సమాధానం లేదు. క్లబ్‌హౌస్ గురించి మాత్రం అరగంట చెప్పారు.

నాకు అసలు అభ్యంతరం రెండోసారి వెళ్లినప్పుడు కలిగింది. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ రెరాలో ఇంకా నమోదు కాని తరువాతి టవర్‌లో సొమ్మంతా ఒకేసారి కడితే చదరపు అడుగు ధరలో దాదాపు మూడో వంతు తగ్గిస్తామని, రెండేళ్లలో దాన్ని ఇంకొకరికి అమ్మిపెట్టే బాధ్యత కూడా తమదేనని చెప్పారు. ప్రీలాంచ్ అంటే ఇదే. 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం, చట్టం వర్తించే ప్రాజెక్టులో నమోదుకు ముందు బుకింగులు తీసుకోకూడదు. పదమూడో సెక్షన్ ప్రకారం, అమ్మకం ఒప్పందం రిజిస్టర్ కాకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఆ తగ్గింపు మన మీద దయతో ఇచ్చేది కాదు, హామీ ఏదీ లేకుండా మనం బిల్డరుకు ఇచ్చే అప్పు మీద వచ్చే వడ్డీ అది.

ఈ ఒత్తిడి ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పాలి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వేలంలో 2021 జూలైలో ఇక్కడ ఎకరం గరిష్ఠంగా 60.2 కోట్లు పలికితే, 2023 ఆగస్టులో అది 100.75 కోట్లకు చేరింది. అంటే గజం రెండు లక్షల పైమాట. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న హద్దు, లేదు కనుక, అంత ధర పెట్టి కొన్న నేల మీద నలభై, యాభై అంతస్తులు లేస్తున్నాయి. వాటిని నింపడానికి, ఉండేవాళ్లకన్నా ముందుగా డబ్బు పెట్టేవాళ్లు కావలసి వస్తున్నారు. ఆ కాగితంలోని ప్రశ్న ఎందుకు పుట్టిందో నాకప్పుడు అర్థమైంది.

తిరిగి వస్తూ, ఎప్పుడో తాళాలు అప్పగించిన పక్క సముదాయం ముందు కారు ఆపాము. సాయంత్రం ఏడున్నర దాటింది. రోడ్డు వైపున్న ఒక టవర్‌లో వరుసగా పది అంతస్తుల్లోని ఇళ్లన్నీ లెక్కపెడితే, దీపం వెలిగినవి తొమ్మిదే. మిగతావి ఎవరివో, ఎందుకు ఖాళీగా ఉన్నాయో మాకు తెలియదు కానీ, ఇరుగుపొరుగు లేని చోట అమ్మ పగలంతా ఒక్కతే ఎలా ఉంటుందని నాన్నగారు అడిగారు.

పెట్టుబడి పెట్టదలచినవారు కూడా తెలంగాణ రెరా వెబ్‌సైటులో ఆ టవర్ నమోదు సంఖ్య కనిపించేవరకు రూపాయి కట్టవద్దు. మేము అడ్వాన్సు ఇవ్వలేదు. ఇప్పుడు మియాపూర్ వైపు, జనం కాపురముంటున్న పాత అపార్ట్‌మెంట్లు చూస్తున్నాము.