నంబరు ఒకటే: అమ్మకు గోలీలు, చిన్నాయనకు సూది

నిరుడు బతుకమ్మకు ముందు అమ్మను, పరకాల నుంచి వచ్చిన చిన్నాయనను ఒకే రోజు హనుమకొండలో డాక్టరుకు చూపించాం. మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, అమ్మకు 9.6, చిన్నాయనకు 9.8. డాక్టరమ్మ అమ్మకు గోలీల మోతాదు పెంచింది. చిన్నాయనకు మాత్రం రాత్రిపూట ఇన్సులిన్ రాసింది. "వదినెకు లేని సూది నాకెందుకు?" అని ఆయన దారి పొడుగునా గునిసిండు.

నంబరు ఒక్కటే చూసి సూది రాయరని నాకూ ఆరోజే అర్థమైంది. అమ్మ వేసుకునేది మెట్‌ఫార్మిన్ 500 గోలీ ఒక్కటే. అదీ కడుపులో తిప్పుతోందని వారంలో సగం రోజులు ఎగ్గొట్టేది. బరువు తగ్గలేదు, రాత్రిళ్లు మూత్రానికి లేవడం లేదు. ఆమెకు ఇంకా వాడి చూడని మందులు చాలా ఉన్నాయి. నెమ్మదిగా కరిగే రకం మెట్‌ఫార్మిన్ ఇచ్చి, మెల్లగా మోతాదు పెంచమన్నారు.

చిన్నాయనకు పన్నెండేళ్ల షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ రెండూ నిండు మోతాదులో వాడుతున్నాడు. అయినా నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు, మూత్రానికి రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాడు. సన్నబడ్డాడు కాబట్టి షుగర్ దిగుతోందని ఆయన లెక్క. అసలు సంగతి తలకిందులు. ఇన్సులిన్ చాలక ఒళ్లు తన కొవ్వును, కండను తానే కరిగించుకుంటోంది. గ్లిమిపిరైడ్ చేసే పని క్లోమాన్ని పిండి ఇన్సులిన్ రాబట్టడం. ఎండిన బాయికి ఎంత పెద్ద మోటారు పెడితే ఏం లాభం? షుగర్ బయటపడే నాటికే ఇన్సులిన్ తయారయ్యే శక్తి దాదాపు సగానికి పడిపోయి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం తేల్చింది. ఆ తర్వాతా అది తగ్గుతూనే పోతుంది. కాబట్టి సూది రాసేదాకా వచ్చిందంటే రోగి తప్పు చేశాడని కాదు.

సగటు 10 దాటినా, షుగర్ 300 పైన ఉండి బరువు తగ్గుతున్నా డాక్టర్లు మొదట్లోనే ఇన్సులిన్ ఆలోచిస్తారు. ఆపరేషన్, గర్భం, పెద్ద ఇన్ఫెక్షన్ వంటప్పుడు కొన్నాళ్లకే ఇచ్చి ఆపేయడమూ ఉంది. 'ఒకసారి పట్టిందంటే వదలదు' అన్న మాట అందరికీ వర్తించదు.

షుగర్‌తో పాటు బరువునూ తగ్గించే, వారానికోసారి వేసుకునే జీఎల్‌పీ-1 అనే రకం సూదులూ వచ్చాయి. అవి ఇన్సులిన్ కావు. బరువు ఎక్కువున్నవాళ్లకు ఇన్సులిన్ కన్నా ముందు వాటినే చూస్తున్నారు. ఖరీదు ఎక్కువ, వికారం ఉంటుంది. ఇప్పటికే చిక్కిపోయిన చిన్నాయనకు బరువు తగ్గించే మందు ఎందుకు?

ఇన్సులిన్‌కూ బాధలున్నాయి. కాస్త బరువు పెరుగుతారు, షుగర్ 70 కిందికి పడిపోయే భయం ఉంటుంది. చిన్నాయనకు పొద్దున్నే ఏమీ తినకుండా పత్తి చేనుకు పోయే అలవాటు. అందుకే పది యూనిట్లతో మొదలుపెట్టి, పరగడుపు షుగర్ చూసుకుంటూ మూడు రోజులకోసారి రెండేసి పెంచమన్నారు. గ్లిమిపిరైడ్ సగానికి తగ్గించారు. జేబులో చక్కెర పొట్లం తప్పనిసరి.

ఇన్సులిన్‌ను సీసాలోంచి సిరంజితో లాగి వేసుకోవాలా, మందు నింపి వచ్చే పెన్నుతోనా అంటే నా ఓటు పెన్నుకే, ధర కొంచెం ఎక్కువైనా సరే. మన షాపుల్లో దొరికే సీసాలు చాలావరకు ఎంఎల్‌కు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. పెన్నులోది ఎంఎల్‌కు 100 యూనిట్లు. పెన్ను సూదులు అయిపోయాయని అందులోని మందును ఎర్ర మూత సిరంజితో పది గీత దాకా లాగారనుకోండి, ఒంట్లోకి పోయేది 25 యూనిట్లు. ప్రాణం మీదికొస్తుంది. ఇక మే నెల ఎండలో, కరెంటు పోయే ఊళ్లో మందును తడి ఇసుక మీద పెట్టిన కుండలో దాచుకోవాల్సిందే. ఫ్రిజ్ ఉన్నవాళ్లు గడ్డకట్టే అరలో మాత్రం పెట్టొద్దు.

నన్నడిగితే చిన్నాయనకు ఆ సూది ఆర్నెల్ల ముందే పడాల్సింది. మూడు నెలలకు మళ్లీ చూపిస్తే 7.7 వచ్చింది, మూడు కిలోలు తేరుకున్నాడు. అమ్మది 9.3 దగ్గరే ఉంది. గోలీల డబ్బా తెరిచి చూస్తే సగం అట్లనే ఉన్నాయి.

"వదినెకు కూడా సూదే రాయండి మేడం" అన్నాడు చిన్నాయన.

"ముందు గోలీలు మింగమను" అంది డాక్టరమ్మ.