రహీం పాఠాలతో ఫుట్‌బాల్: మారతహళ్లి దగ్గర ఒక కోచ్ నడిపే శిక్షణ

బెంగళూరులో మారతహళ్లికి సమీపంలో, ఒక కళాశాల జట్టుకు చాలాకాలం కోచ్‌గా పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు, డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఫుట్‌బాల్ శిక్షణ ఇస్తున్నారు. మా అబ్బాయి ఈ విద్యా సంవత్సరం మొదటి నుంచి అక్కడికి వెళుతున్నాడు. ఉదయపు సాధనకు, శనివారం సాయంత్రం జరిగే తరగతికి కలిపి నెలకు 3,500 రూపాయలు తీసుకుంటారు.

ఈ శిక్షణకు ప్రత్యేకత తెచ్చింది ఆ శనివారపు తరగతే. తల్లిదండ్రులు కూడా వెనుక కూర్చుని వినవచ్చు. అక్కడ బోధించేది ఎక్కువగా సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం. 1909లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదువుకునే రోజుల్లోనే మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకుని, ఆపైన బడిపంతులుగా పనిచేసిన రహీం, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకూ భారత జట్టుకూ కోచ్‌గా ఉన్నారు. పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ టోర్నమెంటును గెలుచుకుంది. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ భారత్‌కు ఆసియా క్రీడల స్వర్ణం దక్కింది.

ఈ విజయాలను ఎవరైనా ఏకరువు పెట్టగలరు. మా కోచ్ గారు ఎక్కువసేపు నిలిచేది ఓటముల దగ్గర. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడింది. నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరినప్పుడు, అదే యుగోస్లావియాతో 1-4తో ఓడింది. ఈ రెండు ఓటముల మధ్య ఏమేమి మారి ఉంటుందో రాసుకుని రమ్మని పిల్లలకు చెబుతారు. బూట్లు తప్పనిసరి చేయడం అందరూ రాస్తారు, ఆయన మాత్రం అంతటితో వదలరు.

జకార్తా పాఠం ఇంకా బాగుంటుంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియాతో 0-2తో ఓడిన జట్టు, ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించింది. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ (గోల్‌ను కాపాడే వెనుక వరుస ఆటగాడు) జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా, అంటే గోల్ కొట్టే ముందు వరుసలో ఆడించగా, పి.కె. బెనర్జీ కొట్టిన తొలి గోల్ తరువాత రెండోది జర్నైల్ సింగే కొట్టారు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో మరణించారు. సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం, ఈ బెంగళూరుకే చెందిన అరుమైనాయగం కూడా ఆ జట్టులో ఉన్నారు. క్రికెట్ తప్ప మరొకటి ఎరుగని మన తెలుగు ఇళ్ల పిల్లలకు ఈ పేర్లు అక్కడే మొదటిసారి వినబడుతున్నాయి. అరుమైనాయగం గురించి కోచ్ గారు మరికాస్త చెప్పి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

ఈ కథలు గ్రౌండ్‌లోకి కూడా వస్తాయి. రహీం హైదరాబాదులో అలవాటు లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు, డ్రిబ్లింగ్ (బంతిని కాలి దగ్గరే ఉంచుకుని తీసుకెళ్లడం) చేయకూడని పోటీలు పెట్టించేవారు. ఆ పద్ధతిలోనే ఇక్కడ వారంలో ఒక ఉదయం ఎడమకాలి ఆట, మరో ఉదయం రెండు టచ్‌లకు మించకుండా పాస్‌లు ఆడిస్తారు. డిఫెండర్లను కాసేపు ముందుకు పంపి ఆడిస్తారు. ఎడమకాలితో బంతిని తన్నడమే రాని మా వాడు ఇప్పుడు ఎడమ వైపు నుంచి గోల్ ముందుకు సరైన క్రాస్ పాస్ వేయగలుగుతున్నాడు.

లోపాలు తక్కువేమీ కాదు. టర్ఫ్ అద్దెది, నిర్వాహకులు ముందు బ్యాచ్‌ను సమయానికి ఖాళీ చేయించరు కాబట్టి సాధనలో కొంత భాగం గేటు బయటే గడిచిపోతుంది, వాన పడి రద్దయిన రోజులకు ఫీజులో సర్దుబాటు ఉండదు. ముప్పై మందికి పైగా ఉన్న బ్యాచ్‌ను కోచ్ గారూ ఒక సహాయకుడూ చూసుకోవాలి. గోల్‌కీపర్లకు విడిగా శిక్షణ ఇచ్చేవారు లేరు. వాళ్లు చాలాసేపు ఇతరుల షాట్లకు అడ్డంగా నిలబడి ఉండటమే జరుగుతోంది, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్ద లోటు. క్లబ్ ట్రయల్స్‌కు సిద్ధం కావాలనుకునేవారు వేరే అకాడమీ చూసుకోవడం మంచిది. కళాశాల జట్టులో చోటు కోసం ప్రయత్నిస్తున్నవారు మాత్రం ఫీజు కట్టే ముందు ఒక శనివారం తరగతికి వెళ్లి కూర్చోవచ్చు, దానికి డబ్బు అడగరు.