ఏలినాటి శని ఏడున్నరేళ్లు, మా శాటర్న్ తొమ్మిదేళ్లు

శాటర్న్ అంటే శనిగ్రహం అని నేను కారు కొన్నరోజే ఒక ఫ్రెండ్ గుర్తుచేశాడు. "డబ్బులిచ్చి మరీ శనిని ఇంటికి తెచ్చుకున్నావా?" అన్నాడు. ఏలినాటి శని అయినా ఏడున్నరేళ్లకి వదిలిపోతుంది, నా 2008 శాటర్న్ ఆరా తొమ్మిదేళ్లయినా వదల్లేదు. నిజం చెప్పాలంటే నేనే దాన్ని వదల్లేదు. 2016లో 84 వేల మైళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఇప్పుడు మీటరు మీద 1,61,000 ఉంది. అమెరికాలో పాత కార్లు వెతుకుతున్నప్పుడు ఇది కంటపడని వాళ్లుండరు, ధర చూస్తే అదే ఏడాది టయోటా కామ్రీ కంటే బాగా తక్కువ, కారు చూస్తే శుభ్రంగా ఉంటుంది, అప్పుడు అందరికీ వచ్చే డౌటు ఒకటే: కంపెనీయే లేదు కదా, రేపు ఏదైనా పాడైతే ఎక్కడికి పోవాలి? ఆ డౌటు కోసమే ఇదంతా రాస్తున్నా.

ముందు కంపెనీ సంగతి. శాటర్న్‌ని జనరల్ మోటార్స్ (జీఎం) 1985లో పెట్టింది, మొదటి కారు 1990లో టెనెసీలోని స్ప్రింగ్ హిల్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. బేరం లేకుండా ఒకటే రేటుకి అమ్మడం, తలుపులకి ప్లాస్టిక్ ప్యానెళ్లు వాడి చిన్న చిన్న సొట్టలు పడకుండా చేయడం, వీళ్లకి పేరు తెచ్చినవి ఇవే. ఆరా వచ్చేసరికి ఆ ప్లాస్టిక్ పోయింది, మామూలు స్టీలే, కాబట్టి ఎవరైనా "శాటర్న్ కదా, గుద్దినా సొట్ట పడదు" అని అమ్మజూపితే నవ్వి ఊరుకోండి. ఆరా 2007 మోడల్‌గా మొదలైంది, ఆ ఏడాదే నార్త్ అమెరికన్ కార్ ఆఫ్ ది ఇయర్ అవార్డు కూడా కొట్టింది. మూడేళ్లు తిరక్కుండా తయారీ ఆగిపోయింది. 2009 జూన్‌లో జీఎం దివాలాకి వెళ్లింది, శాటర్న్‌ని కార్ల డీలర్‌షిప్పులు నడిపే పెన్‌స్కీ వాళ్లు కొంటామన్నారు, జీఎం తర్వాత కార్లు తయారుచేసి ఇచ్చేవాళ్లు దొరక్క సెప్టెంబర్ 30న తప్పుకున్నారు. పీటల మీద పెళ్లి ఆగిపోయినట్టయింది. 2010 చివరికల్లా షోరూములన్నీ మూసేశారు.

ఇక్కడివరకు చదివితే భయమేస్తుంది. నాకూ వేసింది. కొన్న రెండో నెలలో బ్రేక్ ప్యాడ్లు మార్పించుకుందామని ఒక వర్క్‌షాపుకి వెళ్తే, కౌంటర్లో ఆయన కంప్యూటర్‌ వైపు కూడా చూడకుండా "శాటర్నా? వాటికి పార్ట్స్ రావడం లేదండీ" అని పంపించేశాడు. టెన్షన్‌తో ఇంటికొచ్చి రాత్రంతా కూర్చుని వెతికితే తేలిందేమిటంటే, ఆరా కింద ఉన్నది ఎప్సిలాన్ అనే జీఎం ప్లాట్‌ఫామ్ (కారుకి పునాది లాంటి నిర్మాణం), జీఎందే అయిన షెవర్లే మాలిబు, పాంటియాక్ జి6 కూడా దాని మీదివే. ముఖ్యంగా 2008 నుంచి 2012 వరకు వచ్చిన మాలిబు దీనికి సొంత అన్నదమ్ముడి లాంటిది, చక్రాల మధ్య దూరం కూడా ఒకటే. మాలిబులు రోడ్ల మీద లక్షల్లో తిరుగుతున్నాయి. బ్రేకులు, సస్పెన్షన్, వీల్ బేరింగులు, ఇంజన్ సెన్సర్లు, ఇలాంటివి చాలావరకు రెండింటికీ ఒకటే. రెండోసారి ఇంకో షాపుకి వెళ్లి "2008 మాలిబు, 2.4 లీటర్, ముందు బ్రేక్ ప్యాడ్లు" అన్నాను. ఐదు నిమిషాల్లో డబ్బా కౌంటర్ మీద పెట్టాడు.

అప్పట్నుంచి ఇదే నా పద్ధతి. షాపుకి వెళ్లేముందు ఆన్‌లైన్‌ కేటలాగులో ఆరా పేరు మీద పార్ట్ నంబరు చూస్తాను, మాలిబు పేరు మీద చూస్తాను, రెండూ ఒకటైతేనే మాలిబు అని అడుగుతాను. గుడ్డిగా మాత్రం అడక్కండి. ఒకే ఏడాదిలోనే ఇంజన్‌ని బట్టి, చక్రం సైజుని బట్టి నంబర్లు మారతాయి.

ఇంజన్ విషయంలో నాది 2.4 లీటర్ ఎకోటెక్, నాలుగు సిలిండర్లు, 169 హార్స్‌పవర్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. పాత కాలపు గేర్‌బాక్సే, హైవే మీద ఓవర్‌టేక్ చేయబోతే ముందు కాసేపు ఆలోచించుకుని అప్పుడు కదులుతుంది, కానీ ఇన్నేళ్లలో ఒక్కసారి ఆయిల్ మార్చడం తప్ప దాని జోలికి వెళ్లే పని పడలేదు. ఇంజన్లో టైమింగ్ బెల్ట్ లేదు, చైన్ ఉంటుంది, కాబట్టి ఇన్ని మైళ్లకి బెల్ట్ మార్చాలనే ఖర్చు లేదు, కానీ చైన్ బతకాలంటే ఆయిల్ టైముకి మార్చాలి. డాష్‌బోర్డు మీద ఆయిల్ లైఫ్ సున్నాకి వచ్చేదాకా నేను ఆగను, 5 వేల మైళ్లకి మార్చేస్తాను, మధ్యలో రెండుసార్లు డిప్‌స్టిక్ తీసి చూస్తాను. ఆయిల్ ఫిల్టర్ మాత్రం ఇంజన్ పైనే ఉంటుంది, కారు కింద దూరక్కర్లేదు, 32 ఎంఎం సాకెట్‌తో మూత విప్పితే లోపల కాగితం ఫిల్టరు. మొదటిసారి నేనే మార్చుకున్నప్పుడు ఫిల్టర్‌తో పాటు ఇచ్చిన రబ్బరు రింగుని డబ్బాలోనే వదిలేసి, పాత రింగుతోనే మూత బిగించేశాను. పొద్దున్నకి ఇంజన్ ముందంతా ఆయిల్. తప్పు పూర్తిగా నాదే, గ్యారేజీలో ఆ మరక ఇప్పటికీ ఉంది.

ఇంకో సంగతి, ఈ ఇంజన్లో వాటర్ పంప్‌ని తిప్పేది కూడా ఆ చైన్ల వ్యవస్థే. పంప్ మార్చేటప్పుడు లోపలి పళ్లచక్రం జారిపోకుండా పట్టుకోవడానికి ఒక స్పెషల్ టూల్ ఉంటుంది, అది ఉంటే టైమింగ్ కవర్ విప్పకుండానే పని అయిపోతుంది. లక్షా ఇరవై వేల మైళ్లప్పుడు నా కారుకి పంప్ మార్పించాను. ముందు అడిగిన మెకానిక్ కవర్ మొత్తం విప్పాలని పెద్ద కూలీ చెప్పాడు. రెండో మెకానిక్‌ని "ఆ టూల్ ఉందా?" అని అడిగా, ఉందన్నాడు, సగానికి సగం తగ్గింది. మెకానిక్‌కి ఈ ఇంజన్ తెలుసో లేదో ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది. శాటర్న్ మెకానిక్‌ని వెతక్కండి, జీఎం కార్లు చూసే మెకానిక్‌ని వెతకండి.

రీకాల్స్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు పట్టించుకోనిది ఇదే. 2014 మేలో బ్రేక్ లైట్ల వైరింగ్ కోసం మాలిబు, జి6, ఆరా అన్నీ కలిపి 24 లక్షల పైన కార్లని వెనక్కి పిలిచారు. లైట్ల లాంటివి నడిపే చిన్న కంప్యూటర్, అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్ దగ్గర కనెక్టర్లో తుప్పు లాంటిది పట్టి, పెడల్ తొక్కినా బ్రేక్ లైట్ వెలగకపోవడం, తొక్కకపోయినా వెలిగి ఉండడం, క్రూజ్ కంట్రోల్ మొరాయించడం, ఇవీ లక్షణాలు. వెనక వచ్చేవాడికి మనం ఆగుతున్నామని తెలియదు, అది చిన్న విషయం కాదు. నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఉన్నవాటికి గేర్ కేబుల్ రీకాల్ 2012లో ఒకటి, 2014లో ఒకటి వచ్చాయి: లివర్ పార్క్‌లో ఉన్నట్టు కనబడుతుంది, లోపల గేరు పార్క్‌లో ఉండకపోవచ్చు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌ కోసం కొన్ని 2008, 2009 ఆరాలకి మరొకటి. కంపెనీ పోయింది కదా ఇవన్నీ ఎవరు చేస్తారు అంటే, జీఎం బతికే ఉంది, షెవర్లే డీలరు దగ్గరికి వెళ్లాలి. కొనేముందే విన్ నంబరు (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబరు) తీసుకుని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో కొట్టండి, చేయించనివి ఏమైనా ఉంటే అక్కడే కనబడతాయి. నేను కొన్నప్పుడు ముందు ఓనర్ అన్నీ చేయించి కాగితాలు కవర్లో పెట్టి ఇచ్చాడు. నేను ఈ కారే తీసుకోవడానికి సగం కారణం ఆ కవరే. అయినా హ్యాండ్‌బ్రేక్ వేయకుండా దిగే అలవాటు మానేశాను.

ఇంకో చిన్న తంతు. పార్క్‌లో పెట్టినా తాళంచెవి బయటికి రాకపోవడం ఈ తరం మాలిబు, జి6, ఆరా ఓనర్లలో చాలామందికి తెలిసిందే. గేర్ లివర్ కింద ఒక చిన్న స్విచ్ ఉంటుంది, అరిగిపోతే కారు ఇంకా పార్క్‌లో లేదనుకుంటుంది. దాని కోసం ఇగ్నిషన్ మొత్తం మార్పించుకున్నవాళ్లున్నారు. ముందు స్విచ్ చూపించండి.

ఇంతవరకూ చెప్పినవన్నీ లోపలి సంగతులు, వాటికి దిగులు లేదు. అసలు దిగులు పైన, ఒంటి మీద. బంపర్లు, హుడ్, ఫెండర్లు, ముందు లైట్లు, వెనక లైట్లు ఆరాకి మాత్రమే సరిపోతాయి, మాలిబువి పెడితే కుదరవు. మూడేళ్ల కిందట పార్కింగ్‌లో ఎవరో రివర్స్ చేస్తూ నా వెనక కుడి లైటు పగలగొట్టి చెప్పకుండా వెళ్లిపోయారు. బ్రేక్ ప్యాడ్లు ఐదు నిమిషాల్లో దొరికిన కారుకి, ఆ లైటు కోసం ఐదు వారాలు పట్టింది. ఎర్ర టేపు అంటించుకుని తిరిగాను. చివరికి ఒక జంక్‌యార్డులో వెండిరంగు ఆరా కనబడింది, ముందు భాగం నుజ్జయిపోయింది, వెనక చెక్కుచెదరలేదు. నాకు కావాల్సింది కుడి లైటు. నేను కుడిది, ఎడమది, లోపలి డోర్ హ్యాండిళ్లు, అద్దాల స్విచ్చుల ప్యానెల్, ఆఖరికి గ్రిల్ మీది శాటర్న్ గుర్తు కూడా విప్పుకొచ్చాను. ఎడమ లైటు ఇప్పుడు పాత దుప్పట్లో చుట్టి బట్టల అల్మారాలో పడుకుని ఉంది. ఇంట్లో వాళ్లు ఏమనుకున్నా సరే, అది అక్కడే ఉంటుంది. మీరూ ఆరా కొంటే, అవసరం రాకముందే రెండు వెనక లైట్లు సంపాదించి పెట్టుకోండి, జంక్‌యార్డుల్లో కూడా ఈ కార్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి.

దీనికే ముడిపడిన ఇంకో విషయం ఇన్సూరెన్సు. రీసేల్ విలువ దాదాపు లేదు, కాబట్టి ఓ మోస్తరు గుద్దు తగిలినా రిపేరు ఖర్చు కారు విలువని దాటేస్తుంది, ఇన్సూరెన్సు వాళ్లు టోటల్, అంటే బాగుచేయించడం దండగ అని రాసేస్తారు. ఇంజన్ గుర్రంలా ఉన్నా సరే, ఒక బంపరు, ఒక లైటు, ఒక ఫెండరు చాలు. నేను కొలిజన్ కవరేజి (గుద్దితే మన కారు రిపేరుకి ఇచ్చేది) తీసేసి లయబిలిటీ (అవతలివాళ్ల నష్టానికి ఇచ్చేది) మాత్రమే ఉంచుకున్నాను, ఆ మిగిలింది రిపేర్ల డబ్బాలో వేస్తున్నాను. కారుకి ఇంకా లోన్ ఉంటే ఇది కుదరదు, అసలు ఇలాంటి కారుని లోన్ మీద కొనడమే తప్పు.

నడపడానికి ఎలా ఉంటుందంటే, బాగుంటుంది. అంతకంటే పెద్ద మాట అనను. సీట్లు మెత్తగా, దూర ప్రయాణాలకి నడుం పట్టేయకుండా ఉంటాయి, వెనక ముగ్గురు పెద్దవాళ్లు పడతారు, డిక్కీ పెద్దది, హైవే మీద గాలనుకి 28, 29 మైళ్లు ఇస్తుంది. గతుకుల రోడ్డు మీద స్టీరింగ్‌లో ఒక చిన్న టకటక వినబడుతుంటుంది, గేర్ మారేటప్పుడు పైన చెప్పిన ఆలోచన ఉంటుంది. బయటి రూపం మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం, జర్మనీ ఓపెల్ కార్ల పోలికలు కనిపిస్తాయి, పక్కన ఆపిన అదే వయసు మాలిబు కంటే అందంగా ఉంటుందని నా పక్షపాతం.

ఏ మోడల్ అంటే, నన్నడిగితే 2.4 ఇంజన్ ఉన్న ఎక్స్‌ఈ రకం. ఎక్స్‌ఆర్‌లో 3.6 లీటర్ వి6 ఉంది, 252 హార్స్‌పవర్, ఆరు గేర్లు, నడిపితే మజానే వేరు, కానీ ఆ కాలపు 3.6 ఇంజన్లకి టైమింగ్ చైన్లు సాగే సమస్య పేరుమోసింది, ఆయిల్ మార్పుల రసీదులు చూపించని వాడి దగ్గర కొనకండి. గ్రీన్ లైన్ హైబ్రిడ్ అయితే దూరం నుంచి చూసి ఆనందించండి, దాని 36 వోల్టుల బ్యాటరీ, ఆ ప్రత్యేకమైన స్టార్టర్ జనరేటర్ కోసం వెతుక్కునే ఓపిక నాకైతే లేదు. ఏది కొన్నా ముందు ఒళ్లు చూడండి, తర్వాతే ఇంజన్. మామూలు కారుకి తిరగేసి చెప్తారు, దీనికి ఇదే సరి. నాలుగు లైట్లు పగుళ్లు లేకుండా, బంపర్లు అతుకులు లేకుండా ఉన్న కారుకి కాస్త ఎక్కువిచ్చినా నష్టం లేదు. మంచు కురిసి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట తిరిగిన కారైతే కింద బ్రేక్ పైపుల తుప్పు కూడా చూడాలి.

అయిదుకి నేను మూడున్నర ఇస్తాను. మొన్నటి నుంచి ముందు ఎడమ చక్రం దగ్గర నలభై మైళ్ల వేగం దాటితే ఊఁ అని మోత మొదలైంది, వీల్ బేరింగ్ అరిగినట్టుంది. నంబర్లు చూశాను, రెండూ ఒకటే. శనివారం వెళ్లి మాలిబుది అడిగి తెచ్చుకోవాలి.