గూల్డ్ మూలుగు, మా ఇంటి ఫ్యాను: హై రెజల్యూషన్ కొనుగోళ్ల మీద అయిదేళ్ల అనుభవం

పెట్టె మీద ‘24 బిట్’ అని బంగారు రంగు అక్షరాలు కనిపిస్తే చెయ్యి ఆగని రోజులు నాకు ఉండేవి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పేరున్న పాత రికార్డింగులకి కొత్తగా మెరుగులు దిద్ది వేసినవి, డిస్కులు కొన్ని, ఫైళ్లు కొన్ని, అయిదేళ్లలో ముప్పై అయిదు దాకా కొన్నాను. సగానికి పైగా అంతకుముందే సీడీలుగా నా అలమరలో ఉన్నవే. మా ఆవిడ దీనికి పెట్టిన పేరు ‘ఉన్న ఇంటికే మళ్లీ రిజిస్ట్రేషన్’.

బిట్లు, హెర్ట్జుల లెక్కలు ఇక్కడ ఏకరువు పెట్టను. ఒక్క ముక్కలో చెప్తే, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య ఎంత ఎడం పడుతుందో బిట్లు చెప్తాయి, సెకనుకి ఎన్ని వేల సార్లు శబ్దాన్ని కొలిచారో కిలోహెర్ట్జులు చెప్తాయి, ఆ అంకెలో సగం దాకా ఉన్న స్వరాలే ఫైలులో పడతాయి. మామూలు సీడీకి 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, అంతకు మించినవి హై రెజల్యూషన్. నా గోలంతా ఆ సంగీతాన్ని ఏ టేపులోంచి తీశారన్న దాని మీదే.

కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ వాయించిన, బాఖ్ ఒక ఆరియా (మూల బాణీ) మీద ముప్పై రకాలుగా అల్లిన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’ స్టూడియో రికార్డింగులు రెండున్నాయి. కుర్రతనంలో, 1955లో, 38 నిమిషాల్లో పరుగున ముగించింది ఒకటి. 1981లో, చనిపోవడానికి ఏడాదిన్నర ముందు, 51 నిమిషాలు తీసుకుని నింపాదిగా వాయించింది ఇంకొకటి. నాకు రెండోదంటే ప్రాణం. 1998లో బెంగళూరులో కొన్న సీడీ అది, ఇరవై ఏళ్లు విన్నాను. ఒక్కటే వెలితి. పై స్థాయి స్వరాలు గాజు పలక మీద గోటితో తట్టినట్టు చెవికి తగిలేవి. ఆయన ఎంచుకున్న యమహా పియానో స్వభావమే అంతేమోలే అని సర్దుకుపోయాను.

తప్పు పియానోది కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. 1981 అంటే డిజిటల్ రికార్డింగు ఇంకా తప్పటడుగులు వేస్తున్న కాలం. న్యూయార్క్ 30వ వీధి స్టూడియోలో దాన్ని డిజిటల్‌గా రికార్డు చేస్తూనే పక్కన అనలాగ్ టేపు (శబ్దాన్ని అంకెలుగా మార్చకుండా అలలాగే పట్టే పాత పద్ధతి) కూడా తిప్పారు. 1982లో బయటికొచ్చింది డిజిటల్‌ది. రెండోది ఇరవై ఏళ్లు అలా ఉండిపోయింది. 2002లో రెండు గోల్డ్‌బెర్గులనీ ఒక సెట్టుగా వేసినప్పుడు ఆ అనలాగ్ టేపుల్ని బయటికి తీసి, అసలు కూర్పు ప్రకారం మళ్లీ అతికి, 1981 వాయింపుని వాటినుంచి తయారు చేశారు.

ఆ సెట్టు నా చేతికి 2019 డిసెంబరులో చిక్కింది. రాత్రి పదకొండు దాటాక, స్పీకర్లలో పెట్టుకున్నాను. తొలి ఆరియాలోనే గాజు పోయింది. స్వరం మొదలవడం ఎంత స్పష్టమో, ఆరిపోవడమూ అంత స్పష్టం. కళ్లు మూసుకుని 25వ వేరియేషన్ దాకా వచ్చాను. మైనర్‌లో నడిచే ఆ నెమ్మది ముక్క దగ్గర స్వరానికీ స్వరానికీ మధ్య ఊపిరి బిగపట్టాలి. సరిగ్గా అక్కడ లోపల్నించి మా ఆవిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“ఏవండీ, పక్కింటి తాతగారు మూలుగుతున్నట్టున్నారు. ఒకసారి వెళ్లి తలుపు కొట్టండి.”

తాతగారు కాదు, గూల్డ్. వాయిస్తూ వాయిస్తూ కూనిరాగం తీయడం ఆయనకి లోకమంతా ఎరిగిన అలవాటు. పాత సీడీలోనూ ఆ గొంతు ఉంది, కానీ అది ఎక్కడో పియానో వెనక దోమలా ముసిరేది. ఇప్పుడది మనిషి గొంతు. ఎక్కడ కూర్చున్నాడో, ఎక్కడ ముందుకి వంగాడో తెలుస్తోంది. మా ఆవిడకి విషయం చెప్తే పక్కన కూర్చుని చివరి ఆరియా దాకా వింది. “ఆయన్ని ఎవరూ మందలించలేదా?” అంది.

మర్నాడు వాట్సాప్‌లో ‘తెర తీసినట్టుంది’ అని పదిమందికి పంపాను. ఇప్పుడు ఆ మాటని కాస్త తగ్గించుకోవాలి. తర్వాత ఓ ఆదివారం రెండు డిస్కులూ పక్కపక్కన పెట్టి, శబ్దం స్థాయి సమానం చేసి విన్నాను. తేడా ఉంది, కానీ తెర తీసినంత కాదు, కిటికీ అద్దం తుడిచినంత. ఆ రాత్రి వాల్యూము అలవాటు కంటే రెండు గీతలు ఎక్కువగా ఉండడం, వీధి నిశ్శబ్దంగా ఉండడం, నేను మంచి ఉత్సాహంలో ఉండడం, ఇవన్నీ కలిశాయి. అనలాగ్ టేపుతో పాటు వెనక సన్నని ‘స్‌స్’ కూడా వచ్చింది. నాకది ఇష్టం, అందరికీ నచ్చకపోవచ్చు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ సెట్టు మామూలు సీడీ. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. ఇన్నేళ్లలో నాకు ఎక్కువ ఆనందమిచ్చిన కొనుగోలులో హై రెజల్యూషన్ అసలు లేనే లేదు. అది అప్పుడే బుర్రకెక్కి ఉంటే డబ్బు మిగిలేది. ఎక్కలేదు, పైగా పిచ్చి ముదిరింది.

2021లో, 1980ల తొలినాళ్లలో రికార్డు చేసిన ఒక సింఫనీ సెట్టుని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫైళ్లుగా 2,800 రూపాయలు పోసి కొన్నాను. బాగుందనే అనుకున్నాను. ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి ఓ రోజు ఆ ఫైలుని ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఎత్తు స్వరం ఎంత ఉందో చూపే బొమ్మ) చూపించింది. కింద రంగురంగుల మంటలు. 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిపీట మీద సొరకాయ కోసినంత తిన్నగా తెగిపోయి, ఆపైనంతా నలుపు. “నాన్నా, పై సగం ఖాళీ ప్లాటు,” అంది.

ఆ కాలపు డిజిటల్ టేపులోకి ఎక్కించిందే సాధారణంగా 16 బిట్లు. డెక్కా రికార్డు కంపెనీ వాళ్ల సొంత యంత్రం 18 దాకా వెళ్లింది. అలా పట్టినదాన్ని తర్వాత ఎంత పెద్ద సంచిలోకి మార్చినా లోపలి బియ్యం పెరగవు. దుకాణానికి మెయిల్ పెట్టాను. డౌన్‌లోడ్ అయ్యాక వాపసు లేదని రెండు లైన్ల జవాబు. వాళ్లు అబద్ధం చెప్పారనలేను, అది నిజంగానే 96 కిలోహెర్ట్జ్ ఫైలు. రికార్డింగు ఏ సంవత్సరానిదో పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉంది, చూడనిది నేనే. అయినా మంట చల్లారలేదు. అప్పట్నుంచి ముందు సంవత్సరం చూసి, తర్వాతే ధర చూస్తున్నాను. యాభైల నుంచి డెబ్భైల మధ్య దాకా అనలాగ్ టేపు మీద పట్టినదైతే ఆశ ఉంటుంది. ఎనభైల డిజిటల్ అయితే చేతులు కట్టేసుకుంటాను.

ఆశ ఉన్నచోట కూడా ఆశ దేనిమీదో తేల్చుకుందామని ఇంట్లో ఒక పరీక్ష పెట్టుకున్నాను. మరియా కాలస్ పాడిన పుచ్చిని ఒపేరా ‘టోస్కా’, 1953లో మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా హౌసులో డి సబాటా వాద్యబృందాన్ని నడిపించిన మోనో (ఒకే ఛానెల్) రికార్డింగు. 2014లో ఆమె స్టూడియో రికార్డింగులన్నిటినీ లండన్ ఆబీ రోడ్ స్టూడియో‌లో 24/96లో (24 బిట్, 96 కిలోహెర్ట్జ్) కొత్తగా బదిలీ చేసినప్పుడు, అంటే టేపునుంచి డిజిటల్‌లోకి మళ్లీ ఎక్కించినప్పుడు, ఇదీ అందులో వచ్చింది. మా అమ్మాయి పరీక్షాధికారి. పాత సీడీకీ కొత్త ఫైలుకీ తేడా పదికి పది సార్లు చెప్పాను. కొత్త ఫైలుకీ, దాన్నే 16/44.1కి కుదించిన దానికీ తేడా పదికి ఆరు. నాణెం ఎగరేసినా అయిదు రావచ్చు. నాకు 54 ఏళ్లు, 12 కిలోహెర్ట్జ్ దాటితే నిశ్శబ్దమే. 17 దాకా వినే మా అమ్మాయికి వచ్చిందీ అయిదే.

నిజానికి ఆ కాలపు టేపులో స్‌స్‌మనే శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య ఎడం 60, 70 డెసిబెల్స్. మామూలు సీడీలో 96 దాకా చోటుంది. మిగతా బిట్లలో భద్రంగా దాచేది ఆ స్‌స్‌నే.

ఇక మా ఫ్యాను సంగతి. విజయవాడలో, మూడో అంతస్తులో ఉంటాం. మే నెలలో ఫ్యాను ఆపితే అయిదు నిమిషాల్లో హెడ్‌ఫోన్ మెత్తల కింద చెవులు చెమటకి నానతాయి. ఏసీకి దాని ఘోష దానిది. కాబట్టి సూక్ష్మాలన్నీ వినగలిగే రుతువు నాకు డిసెంబరు మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా. అందులో ఎక్కువ భాగం ధనుర్మాసం కూడా, తెల్లారకుండానే గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. అంటే ఏడాదిలో నలభై రాత్రులు, రాత్రికి నాలుగైదు గంటలు. దీనికి తోడు మొదటి ఆరు నెలలు నేను ఈ ఖరీదైన ఫైళ్లని బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో విన్నాను. ఆ దారిలో ఫైలు నలిగి, కుదించుకుపోయి చెవికి చేరుతుందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

2021 నుంచి ఆపిల్ మ్యూజిక్ అదనపు రుసుము లేకుండా హై రెజల్యూషన్ ఇస్తోంది కదా, కొనడమెందుకు అని మా అమ్మాయి అడుగుతుంది. న్యాయమే. నాకున్న ఇబ్బందల్లా, స్ట్రీమింగులో ఏ బదిలీ వింటున్నామో సరిగ్గా రాసి ఉండదు. కొత్తది రాగానే పాతది ఒక్కోసారి చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. నా సీడీ అలమరలోంచి ఎక్కడికీ పోదు. అయినా మొదటిసారి వినేవాళ్లకి స్ట్రీమింగు చాలు. మంచి సీడీ ఉన్నవాళ్లు కొత్త బదిలీ జరిగిందని రూఢి చేసుకున్నాకే కొనాలి. ఇంట్లో ఏకాంతం, చల్లదనం, పాతికేళ్ల చెవులు ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లకి నేను చెప్పేది పనికిరాకపోవచ్చు.

ప్రస్తుతం నన్ను ఊరిస్తున్నది కండక్టర్ షోల్టీ నడిపించిన వాగ్నర్ ఒపేరాల వరుస ‘రింగ్’. 1958 నుంచి 1965 దాకా వియన్నా సోఫియెన్‌జాల్‌లో పట్టింది. 2012లో వచ్చిన బ్లూరే 1997 నాటి 24/48 బదిలీ మీదే ఆధారపడింది. 2022లో మొదలైన ముద్రణకి అసలు టేపుల నుంచి మళ్లీ 24/192లో బదిలీ చేశారు. అంటే నేను అడిగే అర్హత దీనికి ఉంది. నాలుగు ఒపేరాలు, పద్నాలుగు గంటల పైచిలుకు. మూడు నెలలుగా బుట్టలో ఉంది. కొనమనే బటన్ మీదికి వేలు వెళ్తుంది, తలెత్తి ఫ్యాను చూస్తాను, ఫోను పక్కన పెడతాను. ఇప్పుడు జూన్.