నల్లగొండలో డిఫెన్స్ నేర్పే ఫుట్‌బాల్ కేంద్రం: ఒక తండ్రి సమీక్ష

నల్లగొండ పట్టణంలో పానగల్ వైపు వెళ్లే దారిలో, ఒక ప్రైవేటు పాఠశాల మైదానాన్ని అద్దెకు తీసుకుని నడుపుతున్న ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రంలో మా అబ్బాయి నిరుటి వేసవి నుంచి ఆడుతున్నాడు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరు అడిగినా నేను ఈ కేంద్రం పేరే చెబుతున్నాను. మైదానం బాగుందని కాదు, దాని సంగతి తర్వాత రాస్తాను. ఇక్కడ డిఫెండర్ పనిని, అంటే గోల్ పడకుండా వెనక నిలబడి అడ్డుకునే పనిని, ఒక విద్యగా నేర్పుతారు. మన దగ్గర జట్టు కట్టేటప్పుడు వేగంగా ఉరికేవాణ్ని ముందు పెట్టి, ఆట రానివాణ్నీ లావుగా ఉన్నవాణ్నీ గోల్ ముందు నిలబెట్టడం అలవాటైపోయింది. అలా వెనక్కి పంపిన పిల్లవాడు నెల తిరక్కుండానే ఆట మానేస్తాడు. ఈ కేంద్రంలో వెనక నిలబడే పిల్లలకు కూడా ముందున్నవారికి ఎంత సమయం ఇస్తారో అంతే ఇస్తారు.

వారంలో నాలుగు సాయంత్రాలు మైదానంలో సాధన, ఆదివారం ఉదయం తరగతి గదిలో ప్రొజెక్టర్ మీద వీడియో పాఠం ఉంటాయి. ఒక్కో విడతకు ఒక్కో ఆటగాడిని ఎంచుకుని, అతడి ఆట జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా చూపిస్తారు. ఈ విడతలో ఎంచుకున్నది బ్రిటన్‌లోని వేల్స్ జట్టు లెఫ్ట్ బ్యాక్ (వెనక ఎడమ వైపు ఆడే డిఫెండర్) నీల్ టేలర్‌ను. ఆ పేరు విన్నప్పుడు తల్లిదండ్రుల్లో చాలామంది మొహాలు చూసుకున్నారు. మెస్సీ, రొనాల్డో, ఎంబాపే ఉండగా ఎవరీ టేలర్ అని ఒకరిద్దరు పైకే అడిగారు. తల్లి భారతీయురాలనీ, ఆమెది కోల్‌కతా అనీ, తండ్రి వేల్స్ మనిషనీ కోచ్ సార్ చెప్పాక గదిలో ఆసక్తి పుట్టింది. అయితే ఆ పాఠాలకు బలం వచ్చింది ఆ రక్తసంబంధం వల్ల కాదని, టేలర్ ఆడిన తీరు వల్లనే అని రెండు ఆదివారాల్లోనే నాకు అర్థమైంది.

టేలర్ 1989 ఫిబ్రవరి 7న వేల్స్‌లోని సెయింట్ అసాఫ్‌లో పుట్టాడు. మాంచెస్టర్ సిటీ అకాడమీ అతణ్ని కుర్రతనంలోనే వదిలేసుకుంది. తర్వాత చేరిన రెక్సమ్ క్లబ్ 2008లో ఇంగ్లండ్ లీగుల్లో ఐదో అంచెకు పడిపోయింది. అక్కడ ఆడుతూనే 2010 మే నెలలో క్రొయేషియా మీద మ్యాచ్‌లో వేల్స్ సీనియర్ జట్టు చొక్కా వేసుకున్నాడు. ఆ వేసవిలోనే స్వాన్సీ క్లబ్‌కు మారాడు. 2011లో స్వాన్సీ, పై లీగ్‌కు ఎక్కడానికి ఆడే ప్లేఆఫ్ ఫైనల్‌లో రీడింగ్ క్లబ్‌ను 4-2తో ఓడించి, ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పైదైన ప్రీమియర్ లీగ్‌కు చేరిన తొలి వేల్స్ క్లబ్ అయింది. పెద్ద అకాడమీ వద్దన్న పిల్లవాడు ఐదో అంచె నుంచి దేశం జట్టుకు ఎలా ఎక్కాడో వివరించడానికి సార్ ఒక ఆదివారం మొత్తం కేటాయించారు. జిల్లా సెలక్షన్లలో పేరు రాక ఏడ్చిన పిల్లలు ఆ గదిలో చాలామంది ఉన్నారు కనుక, ఆ సమయం వృథా కాలేదని నా అభిప్రాయం.

నాకు బాగా నచ్చిన పాఠం ఐరోపా దేశాల టోర్నీ యూరో 2016 గురించినది. 1958 తర్వాత వేల్స్ ఒక పెద్ద టోర్నీలో ఆడడం అదే మొదలు. కోచ్ క్రిస్ కోల్‌మన్ ముగ్గురు సెంటర్ బ్యాక్‌లను (గోల్ ముందు మధ్యలో నిలిచే డిఫెండర్లను) పెట్టి, ఎడమ అంచు మొత్తాన్ని వింగ్ బ్యాక్‌గా, అంటే అంచు వెంట ముందుకూ వెనక్కూ ఉరికే డిఫెండర్‌గా, టేలర్‌కు అప్పగించాడు. జూన్ 20న తులూజ్‌లో రష్యా మీద 20వ నిమిషంలో టేలర్ ఒంటరిగా గోల్ ముందుకు చేరి కొట్టిన మొదటి షాట్‌ను గోల్‌కీపర్ అకిన్‌ఫెయెవ్ ఆపాడు. బంతి తిరిగి తన కాళ్ల దగ్గరికే వస్తే రెండోసారి లోపలికి పంపాడు. వేల్స్ 3-0తో గెలిచింది. దేశం తరఫున ఆడిన 43 మ్యాచ్‌లలో అతడి గోల్ అదొక్కటే. అప్పుడు మిర్యాలగూడ నుంచి వచ్చే ఒక పిల్లవాడు లేచి, "ఒక్క గోలేనా సార్? మిగతా మ్యాచ్‌లల్ల ఏం చేసిండు మరి?" అని అడిగాడు. సార్ జవాబు చెప్పకుండా, బెల్జియంతో జరిగిన క్వార్టర్ ఫైనల్ వీడియో పెట్టి, ఎడమ అంచున బంతి వచ్చిన ప్రతిసారీ టేలర్ ఎక్కడ నిలబడ్డాడో నోట్‌బుక్‌లో మైదానం బొమ్మ వేసి చుక్కలు పెట్టమన్నారు. పిల్లలు తలలు వంచుకుని చుక్కలు పెడుతూనే ఉన్నారు. మా వాడి బొమ్మలో సగం చుక్కలు వేల్స్ పెనాల్టీ ఏరియా దగ్గర, సగం చుక్కలు బెల్జియం వైపు ఉన్నాయి. ఆ మధ్య దూరాన్ని ఒకే మనిషి మ్యాచ్ పొడుగునా ఉరుకుతూ కొలిచాడని వాడికి ఆ కాగితం మీద తెలిసింది. ఆ మ్యాచ్‌లో వేల్స్ 3-1తో గెలిచింది. సెమీఫైనల్‌లో పోర్చుగల్ చేతిలో 0-2తో ఓడింది.

ఆదివారం చూసింది సోమవారం మైదానంలోకి దిగుతుంది. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) పక్కన ముగ్గుపిండితో సన్నని బాట గీసి, అందులో ఒకరు బంతి తీసుకుని ఉరకాలి, డిఫెండర్ కాలు పెట్టకుండా అతణ్ని ఆ బాటలోనే ఉంచాలి. కాలు పెడితే తప్పు. ఎదుటివాడు గీత దాటి లోపలికి వస్తే కూడా తప్పే. లోపలి వైపు కాలు అర అడుగు ముందుండాలి, మోకాళ్లు వంగాలి, భుజం ఎదుటివాడికి ఏటవాలుగా ఉండాలి. "వాని కాళ్లు సూడకు బిడ్డా, బంతి సూడు" అని సార్ పక్కనే నడుస్తూ చెబుతుంటారు. మొదట్లో ఎదుటివాడి ప్రతి కదలికకూ తూలిపోయిన మా అబ్బాయి, ఇప్పుడు నిలబడి ఎదురుచూడగలుగుతున్నాడు. ఓపికగా ఉండమని ఇంట్లో మేము ఎన్నిసార్లు చెప్పినా రాని గుణం ఆ ముగ్గుపిండి బాటలో వచ్చింది.

గాయాల పాఠాన్ని కూడా ఈ కేంద్రం దాటవేయలేదు. 2012 సెప్టెంబరులో సండర్లాండ్‌తో మ్యాచ్‌లో టేలర్ చీలమండ విరిగింది. ఆ సీజన్‌లో ఎక్కువ భాగం పోయింది. 2013 ఫిబ్రవరిలో స్వాన్సీ లీగ్ కప్ గెలిచిన ఫైనల్‌కు కూడా అతడు లేడు. అతడి స్థానంలోకి వచ్చిన యువకుడు బెన్ డేవిస్ అక్కడ పాతుకుపోయాడు. నాలుగేళ్లు తిరిగేసరికి అదే బెన్ డేవిస్ యూరోలో ఎడమ సెంటర్ బ్యాక్‌గా, టేలర్ అతడి ముందు వింగ్ బ్యాక్‌గా పక్కపక్కనే ఆడారు. తన చోటు తీసుకున్నవాడితోనే కలిసి పనిచేయడం పెద్దవాళ్లకే కష్టం; పిల్లలకు దాన్ని ఇంత చక్కని ఉదాహరణతో చెప్పడం నాకు సంతోషం కలిగించింది.

2017 మార్చి 24న డబ్లిన్‌లో ఐర్లాండ్‌తో జరిగిన ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లో బంతి లాక్కోవడానికి టేలర్ చేసిన ట్యాకిల్ వల్ల ఐర్లాండ్ కెప్టెన్ షేమస్ కోల్‌మన్ కాలి ఎముకలు రెండూ విరిగాయి. టేలర్‌కు రెడ్ కార్డు చూపించారు. షేమస్ తిరిగి క్లబ్ మ్యాచ్ ఆడడానికి 2018 జనవరి దాకా పట్టింది. ఇది చూపిస్తారో లేదోనని నేను ఎదురుచూశాను. విరిగిన కాలి దృశ్యం రాకముందే వీడియో ఆపి, ఆ క్షణంలో టేలర్ బంతికి ఎంత దూరంలో ఉన్నాడో, కాలు ఎంత ఎత్తుకు లేచిందో, అంత వేగంతో ఆలస్యంగా వెళ్తే ఏమవుతుందో సార్ వివరించారు. మెచ్చుకుంటున్న ఆటగాడి తప్పును దాచకుండా, అతణ్ని రాక్షసుణ్ని చేయకుండా చెప్పిన ఆ పాఠం ఈ విడతలో అన్నిటికంటే విలువైనది. ఆ ఒక్క ఆదివారం కోసమైనా ఫీజు కట్టవచ్చు.

టేలర్ భారత జట్టుకు ఎందుకు ఆడలేదని ఒక తల్లి అడిగింది. వేల్స్ యువ జట్లతోనే అతడు ఎదిగిన సంగతీ, మన దేశంలో ద్వంద్వ పౌరసత్వం లేని సంగతీ, భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశం తరఫున ఆడాలని 2008 నుంచి ఉన్న నియమమూ సార్ ఓపికగా చెప్పారు. తండ్రి భారతీయుడు, తల్లి జపాన్ మహిళ అయిన అరాటా ఇజుమి తన జపాన్ పౌరసత్వం వదులుకుని మన జట్టుకు ఆడిన ఉదాహరణ కూడా ఇచ్చారు. టేలర్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో గ్రేట్ బ్రిటన్ జట్టుకు ఆడాడు. 2017 జనవరిలో ఆస్టన్ విల్లాకు మారాక, 2019లో ఆ క్లబ్ మళ్లీ ప్రీమియర్ లీగ్‌కు ఎక్కిన ప్లేఆఫ్ ఫైనల్‌లోనూ ఆడాడు. చివరగా మిడిల్స్‌బ్రోలో ఆట ముగించాడు. ఈ చివరి భాగాన్ని ఒక గంటలో హడావిడిగా ముగించారు, కొంచెం నెమ్మదిగా చెప్పవలసింది.

ఇక లోపాలు. మైదానం నిండా మొరం. ఎండాకాలంలో ఆ మొరం మీద పడితే మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోతాయి. అలాంటి నేల మీద స్లైడింగ్ ట్యాకిల్ (నేల మీద జారుతూ బంతి లాక్కోవడం) నేర్పడం సరికాదు. ఆ భాగాన్ని టర్ఫ్ దొరికిన రోజులకే పరిమితం చేయమని నేను రెండుసార్లు అడిగాను, ఒప్పుకున్నారు గానీ అమలు కాలేదు. చీలమండ విరగడం గురించి అంత బాగా చెప్పిన కేంద్రంలో ఐస్ ప్యాక్ ఉండకపోవడం, కట్టు కట్టే గుడ్డ కోసం పక్క దుకాణానికి పరుగెత్తవలసి రావడం నాకు కోపం తెప్పించిన విషయం. ఒక పాప మడమ బెణికినప్పుడు ఆమె తల్లి స్కూటీలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. కేంద్రం తరఫున ఎవరూ వెంట వెళ్లలేదు. దీన్ని వెంటనే సరిదిద్దుకోవాలి. ఆడపిల్లలకు విడి బ్యాచ్ ఉంది గానీ దాన్ని సాయంత్రం చివరి గంటకు పెట్టడం వల్ల చీకటి పడే వేళకు ఇళ్లకు చేరవలసి వస్తోంది. దేవరకొండ, నకిరేకల్ వైపు నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు అందుకే మానేస్తున్నారు.

ఫీజు మన పట్టణంలోని క్రికెట్ అకాడమీలు తీసుకునే దానికంటే తక్కువే. అడుగున స్టడ్స్ అనే బొడిపెలున్న బూట్లు మనమే కొనుక్కోవాలి. మొరం మీద పొడవాటి ప్లాస్టిక్ స్టడ్స్ త్వరగా అరిగిపోతాయి, పొట్టి రబ్బరు స్టడ్స్ ఉన్నవి కొనండి. వచ్చే విడతకు హైదరాబాద్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్‌ను తీసుకుంటామని సార్ చెప్పారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్. ఆ కాలపు వీడియోలు చాలా తక్కువ కనుక, ఆయన ఆట చూసిన పాత తరం ఆటగాళ్లను హైదరాబాద్ నుంచి పిలిపించి మాట్లాడించమని సలహా ఇచ్చాను. ప్రయాణ ఖర్చులో కొంత తల్లిదండ్రులం పంచుకుంటామన్నాం. దసరా సెలవుల తర్వాత కొత్త బ్యాచ్ మొదలవుతుంది. చేర్పించే ముందు ఐస్ ప్యాక్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె వచ్చాయో లేదో మీరు కూడా అడగండి.